రొమ్ముపట్టీ: జీను నిలుచుటకు, గుఱ్ఱము నలగకుండుటకు

మదనపల్లె సముద్రమట్టమునకు 2,200 అడుగులకు మించిన యెత్తున నున్న పట్టణము. దానికి చేరువనున్న హార్సిలీకొండ శిఖరము 4,000 అడుగులను దాటినది. ఈ రెంటి నడిమి భేదమును మోటారుబండిలో పోవువాడు చెవులు దిబ్బడ వేయుటచేతను, చల్లగాలి మొగమునకు తగులుటచేతను ఎఱుంగును. గుఱ్ఱముపై పోవువాడు తన క్రిందనున్న జీను వ్రేలెడు వ్రేలెడుగా తోకవైపునకు జరుగుటచేత ఎఱుంగును. మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరులమీదుగ కుప్పమువఱకు పఱచుకొన్న ఈ మెరకసీమలో సమతలమైన నేల తక్కువ. రాతిగుట్టలు, గుట్టల నడుమ చెఱువుకట్టలు, కట్ట దిగినంతనే వంకలు, వంక దాటినంతనే మరల మిట్టలు. మైదానమున స్వారి నేర్చినవానికి ఏండ్లు గడచినను అక్కఱకు రాని యొక పరికరము ఇట్టి సీమలో నేర్చుకొనువానికి తొలిమాసములలోనే అక్కఱకు వచ్చును. అదియే రొమ్ముపట్టీ. అది జీనును ముందువైపున పట్టియుంచి, ఎక్కుడులో వెనుకకు జారనీయకుండుటకు ఏర్పడిన తోలుకట్టు. ఇంతకుమించిన మహిమ యేదియు దానికి లేదు; ఉన్నదని నమ్మినవారి గుఱ్ఱములే ఎదపై పుండ్లతో తిరుగుచుండును.

ఈ కనుమలు గుఱ్ఱపుడెక్కలకు క్రొత్తవి కావు. 1791 ఫిబ్రవరిలో ఆంగ్లసేనాని కారన్‌వాలీసు వేలూరు ప్రాంతమునుండి మొగిలి కనుమగుండ తన సేనను మైసూరు పీఠభూమిపైకి ఎక్కించి మార్చిలో బెంగుళూరును పట్టుకొనెను. ఆ యేటనే నిజాము సేనలు మదనపల్లెకు సమీపమున నున్న గుర్రంకొండ దుర్గమును ముట్టడించెను. అంతకు మునుపు, 1782 డిసెంబరులో చిత్తూరు చేరువ నరసింగరాయనిపేట దండులో కన్నుమూయువఱకు, మైసూరు నేలిన హైదరాలీ ఆశ్వికదళములు ఈ దారులవెంట ఎక్కుచు దిగుచునే యుండినవి. ఆనాటి కొలువులో గుఱ్ఱపురౌతులు రెండు తెఱగులవారు. తన గుఱ్ఱమును తానే తెచ్చుకొని కొలువు చేయువాడు సిలేదారు. సర్కారువారి గుఱ్ఱము నెక్కువాడు బారగీరు. బారగీరు గుఱ్ఱమునకు వీపు పుండుపడిన సర్కారు మఱియొక గుఱ్ఱము నిచ్చును. సిలేదారు గుఱ్ఱమునకు పుండుపడినచో వాని జీతము, పరువు, ఒక్కొక్కప్పుడు ప్రాణము సైతము సందేహమున పడును. కావున పట్టీ యెక్కడ ఒరయుచున్నదో, ఏ కుట్టు తెగబోవుచున్నదో సిలేదారు తన వ్రేళ్ళతో తానే తడవి చూచుకొనెడివాడై యుండవలెను. ఈ యధ్యాయమును చదువువారు, తమ గుఱ్ఱము సొంతమైనను అద్దెదైనను, సిలేదారు మనస్సుతో చదువవలెనని నా కోరిక. పరులవస్తువును మన వస్తువువలె చూచుకొనగల స్వభావము స్వారి నేర్చుకొనుటలో కలుగు లాభములలో తక్కువది కాదు.

దక్షిణదేశమున గుఱ్ఱము ఎల్లప్పుడును ఖరీదైన జీవమే. విజయనగరరాజులు అరబ్బుదేశమునుండియు, ఆర్ముజు రేవునుండియు ఓడలపై గుఱ్ఱములను తెప్పించుకొనెడివారు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ప్రకరణమున గుఱ్ఱముల దిగుమతిని గుఱించి ప్రత్యేకించి చెప్పుట ఆ వ్యాపారముయొక్క ప్రాధాన్యమునకు సాక్ష్యము. అంతకు రెండువందల యేండ్లకు పైబడి పూర్వమే మన తూర్పుతీరమును చూచిపోయిన మార్కోపోలో, వేలకొలది గుఱ్ఱములు దిగుమతి యగుచున్నను వానిని సాకు విధము తెలియకపోవుటచేత అవి యేడాది తిరుగకమునుపే చచ్చిపోవుచున్నవని వ్రాసినాడు. ఆ యాత్రికుని మాటలలో అతిశయోక్తి పాలు ఎంతయున్నను, గుఱ్ఱమును కొనుటకన్న దానిని వాడుకొను తెలివిని సంపాదించుట కష్టమను సంగతి మాత్రము నేటికిని సత్యమే. మనవారికి అశ్వశాస్త్రము లేదని కాదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృతమున గ్రంథములు గలవు, తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. కాని గుఱ్ఱమును కొనబోవువారు ఆ విద్యలో సుళ్ళను చూచు భాగమును మాత్రమే పదిలపఱచుకొని తక్కినదానిని మఱచిరి. ఎదపై సుడి యేవైపునకు తిరిగినదో పరీక్షించు పెద్దమనిషి ఆ ఎద వెడల్పెంత, ఆ భుజము వాలెంత యని చూడడు. రొమ్ముపట్టీ కట్టువానికి కావలసినది ఈ రెండవ చూపే.

పట్టీలు పలు విధములు గలవు గాని, వానిలో రెండింటిని ఎఱింగిన చాలును. మొదటిది మెడచుట్టును వచ్చు కట్టు: మూపు ముందునుండి రెండు పాయలు భుజములకు ముందుగ దిగి, ఎద నడుమ నొక కడియమున కలిసికొనును; ఆ కడియమునుండి ఒక పాయ ముందుకాళ్ళ సందున పోయి పొట్టక్రింది తంగును పట్టుకొనును; పైని రెండు పొట్టిపాయలు జీను ముందుభాగముననున్న ఇనుపకడియములకు తగులుకొనును. వేటకును, కొండదారులకును ఎక్కువగ వాడబడునది ఇది. రెండవది ఎదకు అడ్డముగ పోవు ఒంటిపట్టీ. అది క్రిందికి జారకుండ మెడమీదుగ నొక సన్నని పాయ దానిని మోయుచుండును, రెండు కొనలును జీను ఱెక్కలక్రింద తంగును పట్టుకొనును. పోలో ఆటలోను, పందెములలోను దీనిని చూడవచ్చును. వేగమునకు రెండవదియు, ఎక్కుడునకు మొదటిదియు మేలని నా యభిప్రాయము. ఏలయన అడ్డపట్టీ ఏమాత్రము తప్పి కట్టినను ఊపిరికో భుజమునకో అడ్డు తగులును, మెడకట్టు తప్పులు కొంతవఱకు ఓర్చుకొనును.

మన పట్టణములలో ఒక చిక్కు గలదు. తోలుపని చేయువారికిని, గుఱ్ఱములను మేపువారికిని చిరపరిచితమైనది జట్కాగుఱ్ఱపు రొమ్ముపట్టీ. రైలుస్టేషనులకును సంతలకును జట్కాలు తిరిగిన దినములలో చేయి తిరిగిన ఆ పనితనము ఇంకను అచటచట నిలిచియున్నది. జట్కాగుఱ్ఱము బండిని లాగునది తన ఎదతోనే. బండి బరువంతయు పట్టీమీదనే పడును గనుక ఆ పట్టీ వెడల్పుగను, లోపల మెత్తయు కలిగి, ఎదకు హత్తుకొని యుండుట న్యాయము. స్వారిగుఱ్ఱపు పట్టీ బరువు లాగదు. జీను జారబోయిన క్షణమున మాత్రము అడ్డుపడి, తక్కిన కాలమున పని లేక వ్రేలాడును. ఈ భేదము తెలియనివానిచేత పట్టీ కుట్టించుకొన్నను, కట్టించుకొన్నను, అతడు తన యనుభవము చొప్పున దానిని ఎదకు బిగించి, గట్టిగ పట్టినదని తృప్తిపడును. అతని తప్పు లేదు. అతనికి చెప్పవలసినది మనము.

గుఱ్ఱపు శరీరమున మూడు స్థలములను చేతితో తడవి గుర్తుపట్టనిది పట్టీని ముట్టరాదు. మొదటిది భుజాగ్రము: మెడ దిగి ఎద విరియుచోట ఇరుప్రక్కల గట్టిగ పొడుచుకొని వచ్చిన ఎముక. రెండవది శ్వాసనాళము ఎదలోనికి చొరబడు గుంట: గొంతువెంట వ్రేళ్ళను క్రిందికి జార్చుకొని వచ్చిన రొమ్ముటెముక పైభాగమున నది దొరకును. మూడవది ముందుకాలి మోచేయి వెనుకనున్న పలుచని చర్మము. ముడుతలు పడుచు విచ్చుకొనుచు ఎల్లప్పుడును కదలుచుండు ఆ చర్మమే తంగు ఒరపిడికి మొదట బలి యగునది. మనుష్యునకు వలె గుఱ్ఱమునకు జత్రుక, అనగా మెడక్రింది అడ్డపుటెముక, లేదు. దాని ముందుకాళ్ళు మొండెమునకు కీలుతో అతుకబడక కండరములచేతను స్నాయువులచేతను మాత్రమే కట్టబడియున్నవి, రెండు స్తంభముల నడుమ కట్టిన ఉయ్యాలవలె మొండెము వాని నడుమ వ్రేలాడుచుండును. కాలు ముందునకు చాచినప్పుడు భుజాగ్రము ముందునకును పైకిని లేచును, భుజమునందలి వెడల్పాటి యెముకయగు అంసఫలకపు పైయంచు వెనుకకు జరుగును. పట్టీ భుజాగ్రముపై పడినచో అడుగడుగునకును ఆ యెముక పట్టీని గ్రుద్దుకొనును. గుఱ్ఱము ఆ నొప్పిని తప్పించుకొనుటకై అడుగును కుఱుచ చేయును. రౌతు దానిని సోమరితనమని భావించి మడమతో పొడుచును. ఊపిరి సంగతియు నంతే. గుఱ్ఱము నోటితో గాలి పీల్చజాలదు, ముక్కుతోనే పీల్చవలెను; దౌడులో ప్రతి యంగకును ఒక్కొక్క శ్వాస చొప్పున సరిపడును. గొంతు గుంటపై పట్టీ ఒత్తినచో హార్సిలీకొండ సగమైన నెక్కకమునుపే దానికి ఆయాసము వచ్చుట తప్పని పని.

పట్టీకన్న ముందు చూడవలసినది జీను. ఈ మాటయందు నేను రవంతయు సడలింపు చూపను. జీను గుఱ్ఱపు వీపునకు సరిపడనిదై, వెడల్పెక్కువయై ముందుకమాను మూపుమీద కూర్చుండిపోయినను, లేక వెడల్పు చాలక వీపుకండలను గిల్లుచున్నను, పట్టీ ఆ దోషమును పోగొట్టదు సరిగదా, జారి తప్పించుకొనగల దానిని జారనీయక ఆ దోషమును అక్కడనే బంధించి నిలుపును. రౌతు ఎక్కి కూర్చున్న తరువాత ముందుకమానునకును మూపునకును నడుమ రెండుమూడు వ్రేళ్ళు దూఱవలెను. వెనుకనుండి చూచిన వెన్నెముక పొడవునను వెలుతురు కానరావలెను. తంగు మోచేతికి బెత్తెడు వెనుకగా పడవలెను. జీను పెట్టునపుడు పలు గుఱ్ఱములు పొట్ట ఉబ్బించుకొనునను సంగతి స్వారి నేర్చిన తొలినాళ్ళలోనే తెలియును. కావున మొదట వదులుగ కట్టి, పదియడుగులు నడిపించి, మఱల బిగించి, ఎక్కిన తరువాత మూడవసారి చూడవలెను. ఇంత చేసినను ఎక్కుడులో జీను వెనుకకు జరుగుచున్నదన్న, అప్పుడు పట్టీమాట తలపెట్టవచ్చును. వేసవిలో మేత చాలక చిక్కిన గుఱ్ఱములకును, ఎద యిఱుకై పొట్ట వెనుకకు ఈడ్చుకొనిపోయిన నాటుతట్టువులకును, ఎంత సరిపడిన జీనైనను జాఱుట సహజము. వానికి పట్టీ నిజముగ ఉపకారి.

రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడుకాళ్ళమీద నడచునని మనలో సామెత. ఈ సామెతను వినివిని కాబోలు, కళ్ళెము మొదలు తంగువఱకు బిగించగలిగినదెల్ల బిగించినవాడే రౌతని కొందఱు తలంతురు. సామెత చెప్పినది రౌతు మనస్సును గుఱించి గాని తోలుపట్టీలను గుఱించి కాదు. తన చేతులను, తన కోపమును, తన తొందరను అదుపున పెట్టుకొన్నవాడు తోలును వదులుగ ఉంచియు గుఱ్ఱమును అదుపున ఉంచుకొనగలడు. తనయందు నమ్మకము చాలనివాడు ఆ కొఱతను బకిలురంధ్రములతో పూడ్చుకొనజూచును. ఏ శిక్షకుడైనను క్రొత్తవాని స్వభావమును వాని మాటలనుండి కాక, వాడు ఏ రంధ్రమున బకిలు వేసినాడో చూచి చెప్పగలడు.

ఇక కట్టు విధము. గుఱ్ఱమును చదునైన నేలపై, నాలుగు కాళ్ళును సమముగ మోపి నిలుచునట్లు నిలుపవలెను. వాలున నిలుచున్న గుఱ్ఱమునకు కొలిచి కట్టినది చదునున కొలత తప్పును. ఎదమీదను, ముందుకాళ్ళ సందునను, తంగు పడుచోటను మట్టి, చెమటపెళ్ళ, పల్లేరుముళ్ళు లేకుండ మాలీసు చేయవలెను. ఈ సీమలో ముళ్ళకు కొదవ లేదు. సర్కారుతుమ్మ ముల్లు ఒక్కటి పట్టీక్రింద చిక్కిన, కోసెడు దారి పోకమునుపే చర్మము తెగును. మెడకట్టును కళ్ళెము వేయకమునుపే తలమీదుగ తొడుగుట సులభము; తల చిన్నదై కట్టు పెద్దదైనచో అట్లే పోవును, కాదేని భుజముదగ్గఱి బకిలు విప్పి మెడచుట్టును త్రిప్పి బిగించవచ్చును. చెవులను మడచి, కట్టును బలవంతముగ లాగి తొడుగుట మాత్రము చేయరాదు. ఒక్కసారి చెవులు నలిగిన గుఱ్ఱము పిమ్మట పలుమాఱులు తల ఎత్తుకొని తప్పించుకొనజూచును.

కట్టు మెడపై పడిన తరువాత జీను వేసి, తంగును ముందుకాళ్ళ సందునుండి వచ్చు పాయయొక్క కొసనున్న మడతగుండ దూర్చి, మొదటిసారి వదులుగ కట్టవలెను. ఈ మడత పొట్ట నడుమ, రొమ్ముటెముకకు సరిగా క్రింద నుండవలెను. ఒకప్రక్కకు లాగబడినచో ఎదమీది కడియమును ఆ ప్రక్కకే ఒరిగి ఒక భుజమును తినును. పిమ్మట పైని రెండు పొట్టిపాయలను జీను కడియములకు తగిలింపవలెను. ఈ కడియములను గుఱించి ఒక మాట. కొన్ని జీనులలో అవి కట్టెచట్రమునకు బిగింపబడియుండును. కొన్నిటిలో పైతోలునకు మాత్రము కుట్టబడి అలంకారముగ నుండును. రెండవ రకపు కడియమునకు పట్టీ తగిలించి కొండ నెక్కినచో, జీను జారిన తొలి లాగుడులోనే కుట్టు పిగిలి, కడియము పట్టీతోడ ఎగిరి గుఱ్ఱపు మెడను కొట్టును. కొనకమునుపే కడియమును బలముగ లాగి చూచుట మర్యాద కాదని దుకాణదారుడు చిన్నబుచ్చుకొనినను సరే, లాగి చూడుడు.

కొలతలకు చేతికన్న మేలైన సాధనము లేదు. మూపు ముందఱ, కట్టునకును మెడకును నడుమ నిలువుగ పెట్టిన బెత్తెడు చేయి ఇమిడి తిరుగవలెను. ఎదపై కడియమునకును చర్మమునకును నడుమ పిడికిలి దూఱవలెను. కడియము గొంతు గుంటపై కాక రొమ్ము కండరముల నడుమ పడవలెను. ముందుకాళ్ళ సందునుండి పోవు పాయ పొట్టనుండి బెత్తెడుకన్న ఎక్కువ వ్రేలాడరాదు; మఱీ బిగువైనచో కాలు చాచినప్పుడెల్ల తంగును ముందునకు లాగి మోచేతి చర్మమును కోయును, ఎక్కువైనచో పరుగులోనో, కంచె దూకుటలోనో, చెఱువుకట్ట దిగుటలోనో ముందుకాలి డెక్క ఆ వ్రేలాడు ఉచ్చులో చిక్కుకొనును. ఈ రెండవ ప్రమాదము మొదటిదానికన్న అరుదు గాని ప్రాణాంతకము. జీనుకడియములకు పోవు పొట్టిపాయలు వదులుగను కాక బిగువుగను కాక, తాకీ తాకకుండ నుండవలెను. జీనును అవి ముందునకు ఈడ్చుచున్నచో ముందుకమాను అంసఫలకముపై ఎక్కి, పైన చెప్పిన యెముక కదలికను అడ్డగించును. అడ్డపట్టీ యైనచో అది భుజాగ్రములకు పైగను, గొంతు గుంటకు క్రిందుగను, నేలకు సమరేఖగ నిలువవలెను; ఈ రెంటి నడుమ గల చోటు కొన్ని తట్టువులకు మూడు వ్రేళ్ళకన్న ఎక్కువ ఉండదు, అట్టివానికి అడ్డపట్టీ పనికిరాదని తేల్చుకొని మెడకట్టునకు పోవుటయే వివేకము.

నిలుచున్న గుఱ్ఱముపై సరిపడినది కదలు గుఱ్ఱముపై సరిపడునని అనుకొనుట క్రొత్తవారి పొరపాటు. కట్టిన తరువాత ముందుకాలిని ఒక్కొక్కదానిని మోకాటివద్ద పట్టి మెల్లగ ముందునకు చాపించవలెను; ఇందువలన తంగుక్రింద మడతపడిన చర్మము సర్దుకొనును, భుజాగ్రము పట్టీని తాకుచున్నదో లేదో కంటికి తెలియును. పిమ్మట పిడికెడు పచ్చగడ్డి నేలపై వేసి గుఱ్ఱమును తల వంచనీయవలెను. తల వంచినపుడు మెడకట్టు బిగిసి, గుఱ్ఱము మేయుట మాని తల ఎత్తినచో ఒక రంధ్రము వదులు చేయుడు. తరువాత నడక, దుడుకునడక, చిన్న మిట్ట ఒకటి. మిట్ట ఎక్కునపుడు పట్టీ తగులుకొని జీనును ఆపవలెను. మిట్ట ఎక్కి చదునునకు వచ్చినంతనే మఱల వదులు కావలెను. చదునున సైతము అది బిగువుగనే యున్నదన్న, జీను అప్పటికే వెనుకకు పోయి కూర్చున్నదని అర్థము. దిగి, తంగు విప్పి, జీనును మొదటినుండి పెట్టవలసినదే. బిగిసియున్న పట్టీ పని చేయుచున్న పట్టీ కాదు, వేఱొకచోట తప్పు జరిగినదని చెప్పుచున్న పట్టీ.

దిగుడు సంగతి వేఱు. హార్సిలీకొండ ఎక్కినవాడు దిగవలసినవాడే గదా. దిగునపుడు జీను మూపుమీదికి పోవును. దానిని రొమ్ముపట్టీ ఏమియు చేయజాలదు. అందులకు దుమిచి, అనగా తోకక్రిందుగ పోయి జీను వెనుకభాగమును పట్టు పాయ, వేఱుగ గలదు. దాని విషయము వచ్చు అధ్యాయమున. దిగుటకు దుమిచి లేనిచో నిటారుదారిలో దిగి నడచుట రౌతునకు అవమానము కాదు. ఆ కొండపై వేసవి విడిదిని ఏర్పఱచుకొన్న కడప కలెక్టరు హార్సిలీ దొర కాలమున మోటారుబాట లేదు. ఆ దినములలో ఇండియన్ సివిలు సర్వీసు అభ్యర్థులకు గుఱ్ఱపుస్వారి పరీక్ష తప్పనిసరిగ నుండుట వట్టి ఆడంబరము కాదనియు, మదనపల్లె వంటి చోట సబుకలెక్టరుగ నున్నవానికి గుట్టమీది గ్రామములను చూచివచ్చుటకు వేఱు సాధనము లేకుండెననియు ఈ దారులను చూచినవారికి సులభముగ తెలియును.

పెండ్లిమెరవణి గుఱ్ఱములను గుఱించి రెండు మాటలు. కుప్పము, పుంగనూరు ప్రాంతములలో పెండ్లికొడుకును గుఱ్ఱముపై ఊరేగించు వేడుక నేడు అచటచట నున్నది. ఆ గుఱ్ఱముల ఎదపై మువ్వలు, అద్దములు, జరీకుచ్చులు గల పట్టీ కనబడును. మన దేవాలయపు మండపస్తంభములపై ముందుకాళ్ళెత్తి నిలిచిన శిలాశ్వములకును మెడమీద ఎదమీద ఇట్టి సొమ్ములే గలవు. అవి అలంకారములు, జీనును పట్టజాలవు, పట్టునని నమ్మరాదు. ఇత్తడిమువ్వల వెనుక తోలుగాని మెత్తగాని లేక, లోహము నేరుగ చర్మమునకు ఒరయు పట్టీని చూచినచో గుఱ్ఱపువానితో ఆ మాట చెప్పుడు. ఒక మెత్తని గుడ్డ వేసికొనుటకు అతడు సామాన్యముగ కాదనడు.

తిరిగి వచ్చిన తరువాతి పరీక్ష బయలుదేఱునప్పటి పరీక్షకన్న ముఖ్యము, దానిని చేయువారు మాత్రము తక్కువ. జీను దింపి, పట్టీ తీసిన వెంటనే, చెమట ఆఱకమునుపే ఎదవైపు చూడుడు. పట్టీ పడినచోట చెమట రెండు ప్రక్కల సమముగ నున్న మంచిది. ఒక ప్రక్క తడిసి, మఱియొక ప్రక్క పొడిగ, వెండ్రుకలు చెదరియున్న, పట్టీ ఒరిగినది. వెండ్రుకలు విఱిగి పొట్టిగనున్న చోట, అఱచేయి పెట్టిన వేడిగ తోచుచోట, ఉబ్బిన చోట, మఱునాడు పట్టీ వేయరాదు. ఆ హెచ్చరికను లక్ష్యపెట్టనిచో చర్మము పగిలి పుండగును. పుండు మానిన తరువాతను, లోపల దెబ్బతిన్నచోట తెల్లని వెండ్రుకలు మొలచి, ఆ గుఱ్ఱము బ్రదికినంతకాలము దాని యజమాని పనితనమును చూపఱకు తెలుపుచుండును. కాడి ఒరసి మెడ వాచిన యెద్దును రెండు దినములు దున్నకమునకు పూన్చక పక్కన పెట్టు రైతుకు ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు. పొట్టి పుంగనూరు ఆవు మొదలు దుక్కిటెద్దువఱకు పశువుల శరీరమును చేతితో చదువనేర్చిన ఈ సీమవారికి గుఱ్ఱపు ఎదను చదువుట క్రొత్తవిద్య కాదు, చూపు మరల్చుకొనుటయే.

తోలును గుఱించి చెప్పి ముగింతును. క్రొత్తతోలు సాగును, అందుచేత క్రొత్తపట్టీకి మొదటినెలలో ప్రతి ప్రయాణమునకును కొలత మఱల చూచుకొనవలెను. కుట్టించుకొనువారు బకిలునకు ఇరువైపుల మూడేసి రంధ్రములు మిగులునట్లు కుట్టించుకొనుట మంచిది. చివరి రంధ్రమున బకిలు వేయవలసివచ్చిన పట్టీ ఆ గుఱ్ఱమునకు చాలనిదే. లోపలిప్రక్క కుట్టుదారము తోలులోనికి దిగియుండవలెను, ముడులు పైకి పొడుచుకొని రారాదు. చెమట ఉప్పు తోలును ఎండగట్టి పగులగొట్టును గనుక ప్రతిదినము తడిగుడ్డతో తుడిచి నీడపట్టున ఆఱబెట్టవలెను. ఈ సీమలోని ఎండ మూడు దినములలో తోలును చెక్కయట్లు చేయును. మన చెప్పులకు వలెనే ఆముదము పలుచగ పట్టించవచ్చును గాని, అధికమైనచో తోలు మెత్తబడి సాగును, దుమ్ము పట్టి ఇసుకకాగితమువలె ఒరయును. మడతలు పడుచోటను, కడియము ఒరయుచోటను తోలును వంచి చూచినపుడు సన్నని చీలికలు కానవచ్చినచో పట్టీని పాఱవేయుడు; అతుకు వేయించుకొనుటకు ఇది చెప్పు కాదు.

పట్టీ కొనుటకు పోవునపుడు గుఱ్ఱపు మెడకొలతను, ఎదకొలతను త్రాటితో తీసికొని, జీనును వెంటబెట్టుకొని పొండు. రెండును లేక అంగడివాని మాటపై కొనకుడు. ఇంటికి తెచ్చి, ఇందు చెప్పిన చొప్పున జీనును మూపునకు సరిపఱచి, తంగును మూడుమాఱులు బిగించి, పట్టీ లేకయే ఒక మిట్ట ఎక్కి చూడుడు. జీను కదలక నిలిచినచో మీ గుఱ్ఱమునకు రొమ్ముపట్టీ అక్కఱలేదు. దానిని కొయ్యకు తగిలించి, అది లేకయే బయలుదేఱుడు.